మెడలో తొమ్మిది బిళ్ళలు

“ఆ రోజు నా జేబులో ఉన్నది నాలుగు యూరోలు. నాలుగంటే నాలుగే. మీరైతే దాంతో ఏం చేస్తారు, డైరెక్టర్ గారూ?”

“సాసేజీ తింటాను,” అన్నాడు పోస్పిషిల్. “ఆవపిండి కాస్త ఎక్కువేయమంటాను.”

“నేను వియన్నా మొత్తం చూశాను. ప్యాలెస్‌లు, మ్యూజియంలు, ఒక్కటి వదల్లేదు. అదీ ఒక్క రోజులో!”

పోస్పిషిల్ ఏనాడూ డైరెక్టర్ కాడు. ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. కానీ ఎవరైనా తన హోదాని రెండు మెట్లు పెంచి పిలిస్తే కాదనే మనిషి ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. ఆ సంగతి పోల్డి హవ్లిచెక్‌కి బాగా తెలుసు.

ద్రాక్షతోటల దిగువన ఉన్న వైను అంగడి పెరట్లో, పొడుగాటి చెక్కబల్ల చుట్టూ ట్రామ్ రిటైర్డు ఉద్యోగుల సంఘం కూర్చుని ఉంది. కొత్త వైను వచ్చిన రోజులు. బల్ల మీద నల్లరొట్టె, కారం కలిపిన జున్ను, ఊరవేసిన దోసకాయలు. వాటి పక్కనే, పడుకున్న తెల్ల పిల్లిలా, పోల్డి విగ్గు.

పోల్డి పని అలాంటిది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లిలియెన్‌హోఫ్ ప్యాలెస్ వాకిట్లో, ఎర్ర పట్టుకోటు తొడుక్కుని, పౌడరు అద్దిన విగ్గు పెట్టుకుని, వచ్చేపోయే యాత్రికులకు సంగీత కచేరీ టికెట్లు అమ్ముతాడు. ఐదేళ్ళుగా అదే వాకిలి, అదే కేక: “ఈ సాయంత్రమే కచేరీ, అమ్మా! సంగీతం, సంగీతం!” ఇప్పుడు అది వదిలేసి సొంతంగా గుంపుల్ని తీసుకెళ్ళి ప్యాలెస్‌లు చూపించే పని పెట్టుకోవాలని అతని ఆశ. ‘పోల్డితో ప్యాలెస్‌లు’ అని కార్డులు కూడా అచ్చు వేయించాడు. గుంపే దొరకలేదు.

ఇవాళ దొరికేలా ఉంది. సంఘం వాళ్ళు ఏడాదికోసారి అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్తారు. పల్లెకి వెళ్ళి బాతు వేపుడు తిందామని పోస్పిషిల్ పట్టు. కాదు, ఈసారి ప్యాలెస్ చూద్దామని అధ్యక్షురాలు వెసెలి గారు అంటోంది. పల్లెకో ప్యాలెస్‌కో, ప్యాలెస్‌కైతే పోల్డితోనో ఇంకొకరితోనో, ఇవాళే తేల్చేయాలి. ఆమె ‘ఊఁ’ అంటే ఇరవై రెండు మంది పోల్డి వెనక నడుస్తారు. ‘ఊహూఁ’ అంటే రేపు మళ్ళీ విగ్గు, మళ్ళీ వాకిలి.

అందుకే పోల్డి తన గొంతుని సానబట్టుకుని వచ్చాడు.

“ఒక్క రోజులో ఎన్ని చూశావేమిటి?” అంది బ్లాహా గారు. ఆవిడ పాతకాలపు కండక్టరు. నవ్వడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

“తొమ్మిది. మొదటిది మన లిలియెన్‌హోఫ్. క్యూ ఎంతుందనుకున్నారు! దాని తోక ట్రామ్ స్టాపు దాటి, చర్చి చుట్టూ తిరిగి, మళ్ళీ ఆ తలుపు దగ్గరికే వచ్చేసింది. చిట్టచివరి మనిషి మొట్టమొదటి మనిషి వీపు గోకుతున్నాడు. నేను అందులో నిలబడతానా? ఈ కోటు, ఈ విగ్గు, ఈ నడక! కాపలావాడు నన్ను చూడగానే మడమలు టక్కున కలిపి, ‘ఇంత ఆలస్యమా ప్రభూ, సూపు చల్లారిపోతోంది’ అన్నాడు. నేను తల పంకించి లోపలికి పోయాను. నాలుగు యూరోలు జేబులోనే ఉన్నాయి, గమనించండి.”

“గమనించాం,” అన్నాడు పోస్పిషిల్.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? గొడుగులూ కోట్లూ దాచే కౌంటరు! అక్కడ కూర్చునే ఆవిడల సంగతి మీకు నేను చెప్పాలా? చక్రవర్తి సమాధిలోంచి లేచొచ్చినా, ‘కిరీటం ఇక్కడ పెట్టండి, బిళ్ళ తీసుకోండి’ అంటారు తప్ప లోపలికి పంపరు.”

“అది మాత్రం నిజం,” అంది బ్లాహా గారు. “థియేటర్లో నా చేతిసంచీ కూడా లాక్కున్నారు. దాన్లో నా కళ్ళజోడు ఉంది. నాటకమంతా చెవులతో చూశాను.”

“చూశారా! నా దగ్గర గొడుగు లాక్కుంది. ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చింది. దాన్ని తాడుకి కట్టుకుని మెడలో వేసుకున్నాను. ఆ పక్కనే బుట్టనిండా ఉన్ని చెప్పులు. బూట్ల మీద తొడుక్కునేవి, నేల గీతలు పడకుండా. ఒక్కో చెప్పు పెంపుడు కుక్కంత ఉంది. అవి తొడుక్కుని ఒక్క అడుగు వేశాను. ఒక్కటే! రెండోది వేయాల్సిన పనే పడలేదు.”

“ఏం, కూలబడ్డావా?”

“కూలబడటమా! జారానమ్మా, జారాను! ఆ నేల అద్దం కాదు, అద్దానికి అమ్మమ్మ. ఈ గది, ఆ గది, ఆ పై గది, తలుపులన్నీ ఒకే వరసలో బార్లా తెరిచి ఉన్నాయి. నేను దూసుకుపోతుంటే వెనక కిటికీ తెరలు ఎగిరి, దీపాల గుత్తులు గలగల్లాడి, కుర్చీల్లో కునికే కాపలావాళ్ళు లేచి నిలబడి మళ్ళీ కూర్చునేలోపు నేను మూడు గదుల అవతల ఉన్నాను.”

“ఆ గదుల్లో ఏమున్నాయి?” అన్నాడు పోస్పిషిల్, దోసకాయ కొరుకుతూ.

“అక్కడికే వస్తున్నా, డైరెక్టర్ గారూ, అక్కడికే! ముందు నన్ను ఆగనివ్వాలి కదా ఆ చెప్పులు? వెనక తలుపులోంచి బయటపడ్డాను. పాలరాతి మెట్లు, తోట, ఫౌంటెన్ల మధ్య నుంచి ఒక చుక్క తడవకుండా జారి, గేటు దాటి వీధిలోకొచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెప్పులు రెండూ సరిగ్గా వెళ్ళి ట్రామ్ పట్టాల గాడిలో పడ్డాయి!”

ట్రామ్ మనుషులు కదా, బల్ల చుట్టూ ఒక్కసారిగా కుర్చీలు ముందుకి జరిగాయి. ఇంతసేపూ మాట్లాడకుండా వైన్లో సోడా కలుపుకుంటున్న వెసెలి గారు కూడా తలెత్తింది. పోల్డికి ప్రాణం లేచొచ్చింది.

“పట్టాలెక్కితే ఇక చెప్పేదేముంది! ముందొక ట్రామ్ పోతోంది. దాన్ని దాటేశాను.”

“పట్టాల మీద పోతూ ముందున్న ట్రామ్‌ని ఎలా దాటావు?” అంది వెసెలి గారు.

పోల్డి బల్ల మీదికి తల వంచి చూపించాడు. “కింద నుంచి, అమ్మా. వంగి.”

బ్లాహా గారికి వైను పొలమారింది. పోస్పిషిల్ ఆవిడ వీపు తట్టాడు.

“సరే, టికెట్?” అన్నాడు పోస్పిషిల్, ఉద్యోగం గుర్తొచ్చి.

“అడక్కుండా ఉంటారా మీవాళ్ళు! చెకర్ ఒకాయన ట్రామ్‌లోంచి దూకి, నా కోటు తోక పట్టుకుని, ఒక స్టాపు దూరం నాతోపాటు జారాడు. ‘టికెట్ చూపించు’ అన్నాడు. ‘అయ్యా, నేను ప్రయాణికుణ్ణి కాను, వాహనాన్ని’ అన్నాను. ఆలోచించాడు. ‘అయితే నేనే నీకు టికెట్ చూపించాలి’ అని తన పాసు తీసి చూపించి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు.”

“బాగా పనిచేశాడు,” అన్నాడు పోస్పిషిల్ గంభీరంగా. “రూలు అదే.”

ఇక పోల్డికి పగ్గాల్లేవు. లేచి నిలబడ్డాడు. గ్లాసు ఒక చేత్తో, కారపు జున్ను పూసిన రొట్టె ఇంకో చేత్తో పట్టుకుని, రెండో మ్యూజియం తలుపు తోశాడు.

“అక్కడి కౌంటరు ఆవిడ ‘గొడుగేదీ?’ అంది. ‘మొదటి చోట ఇచ్చేశాను’ అన్నాను. ‘నాకు సంబంధం లేదు, ఇక్కడ కూడా ఏదో ఒకటి ఇవ్వాల్సిందే’ అని పైకోటు తీసుకుంది. బిళ్ళ. మూడో చోట పట్టుకోటు. బిళ్ళ. నాలుగో చోట విగ్గు. బిళ్ళ. ఐదో చోట చొక్కా...”

“ఒరేయ్ పోల్డీ, ఆడవాళ్ళం ఉన్నాం,” అంది బ్లాహా గారు, మొహం మీద రుమాలు వేసుకుని, రుమాలు పక్కనుంచి చూస్తూ.

“వాళ్ళూ ఆడవాళ్ళే కదమ్మా, వాళ్ళకి లేని సిగ్గు నాకెందుకు? ఆరో చోట బనీను, ఏడో చోట బూట్లూ మేజోళ్ళూ, ఎనిమిదో చోట... సరే, ఎనిమిదో చోటు సంగతి వదిలేయండి. జనవరి నెల, బయట మంచు. నా ఒంటి మీద ఉన్నవల్లా ఉన్ని చెప్పులు, ఒక చిన్న గుడ్డ, మెడలో బిళ్ళల దండ. నడుస్తుంటే గుర్రపుబండి వస్తోందని జనం పక్కకి తప్పుకుంటున్నారు!”

“మరి ఆ మ్యూజియంలలో బొమ్మలు?” అన్నాడు పోస్పిషిల్.

“ఎందుకండీ తొందర? అసలు కథ తొమ్మిదో దాన్లో ఉంది! అక్కడి ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఆ చెప్పులు కూడా విడవమంది. తొమ్మిదో బిళ్ళ. లోపలంతా చలువరాయి, పొయ్యి లేదు, నిప్పు లేదు. నేను మంచుముక్కలా బిగుసుకుపోయాను. హాలు మధ్యలో ఖాళీ దిమ్మె ఒకటుంది. దాని మీది విగ్రహాన్ని కడగడానికి తీసుకెళ్ళారు. ఇంతలో కాపలావాళ్ళ అడుగులు వినబడ్డాయి. ఇంకేం చేయను, దిమ్మె ఎక్కి, ట్రామ్ ఆపుతున్నట్టు ఒక చెయ్యెత్తి నిలబడిపోయాను. చలికి ఒళ్ళు తెల్లబడింది, పైగా ఒంటి మీద రాలిన విగ్గు పౌడరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“చెప్పరా, చంపకు!” అంది బ్లాహా గారు.

“బడిపిల్లలొచ్చారు. టీచరమ్మ నా మోకాలు చూపించి, ‘ఇలాంటి మోకాళ్ళు ఇప్పుడు పుట్టవు పిల్లలూ’ అంది. నిజమే కదా, కాదనలేకపోయాను. తర్వాత ఇద్దరు ప్రొఫెసర్లు. ఒకాయన నాకు రెండు వేల ఏళ్ళన్నాడు, ఇంకొకాయన రెండున్నర వేలన్నాడు. మాటా మాటా పెరిగి గొడుగులతో కొట్టుకుందామనుకున్నారు. గొడుగులు కౌంటర్లో ఉన్నాయని గుర్తొచ్చి, బిళ్ళలు తీసుకుని పరిగెత్తారు. మ్యూజియం డైరెక్టర్ వచ్చాడు, నన్ను చూసి ఏడ్చాడు. మంత్రి వచ్చాడు, రిబ్బను కత్తిరించాడు. మధ్యాహ్నానికి నా ఫొటోతో పోస్టుకార్డులు అచ్చయ్యాయి, మూడింటికల్లా అమ్ముడైపోయాయి. సముద్రం అవతలి నుంచి వచ్చిన ఒక కోటీశ్వరురాలు నన్ను తన స్నానాల గదిలో పెట్టుకుంటానంది. ఇంతలో ఎదురు మ్యూజియం వాళ్ళు వచ్చి, ఈ విగ్రహం మాదేనన్నారు. వీళ్ళు ‘ఇవ్వం’ అన్నారు, వాళ్ళు ‘వదలం’ అన్నారు. చివరికి పెద్దమనుషులు కూర్చుని, ‘నడుం పైభాగం మీకు, కిందిభాగం మాకు’ అని ఒప్పందం చేసుకుని రంపం తెప్పించారు!”

“అమ్మో!” అంది బ్లాహా గారు.

“రంపం నా పొట్టకి ఆనింది. చల్లగా ఉంది. అప్పుడు నేను నోరు తెరిచి, ‘అయ్యా, కిందిభాగం ఎవరికిస్తారో నన్ను కూడా ఒక మాట అడగండి’ అన్నాను. మంత్రి మూర్ఛపోయాడు. ప్రొఫెసర్లు ఒకరినొకరు కౌగలించుకున్నారు. నేను దిమ్మె దిగి, తొమ్మిది కౌంటర్లూ తిరిగి, తొమ్మిది బిళ్ళలూ ఇచ్చి, గొడుగుతో సహా అన్నీ తీసుకుని, ఐదు కొట్టేసరికి మళ్ళీ మన వాకిట్లో ఉన్నాను. ఆ నాలుగు యూరోలు పెట్టి సాసేజీ తిన్నాను. అదీ సంగతి!”

బల్ల దద్దరిల్లింది. బ్లాహా గారు రుమాలుతో కళ్ళు తుడుచుకుంది. పక్క బల్లవాళ్ళు కూడా గ్లాసులెత్తారు. పోస్పిషిల్ చివరి రొట్టెముక్క తీసుకుంటూ, “బాతు ఎక్కడికీ పోదులే. ఈసారి ప్యాలెస్‌కే పోదాం, వీడితోనే,” అన్నాడు.

పోల్డి కూర్చున్నాడు. ఇరవై రెండు మంది తన వెనక నడవడం కళ్ళకు కట్టింది. జేబులోంచి కార్డు తీసి, మర్యాదగా వెసెలి గారి గ్లాసు పక్కన పెట్టాడు.

ఆమె కార్డు చూడలేదు. పోల్డినే చూసింది.

“కథ బాగుంది నాయనా. కడుపు నొప్పెట్టేలా నవ్వాను. ఒక్క మాట అడగనా?”

“పది అడగండి, అమ్మా.”

“తొమ్మిది చోట్లకి వెళ్ళావు. క్యూ చెప్పావు, కాపలావాణ్ణి చెప్పావు, కౌంటర్లు చెప్పావు, చెప్పుల బుట్ట చెప్పావు. నేల బ్రహ్మాండంగా చెప్పావు. పోస్పిషిల్ గారు రెండుసార్లు అడిగినా ఒక్క బొమ్మ చెప్పలేదు. గోడల మీద ఏముంది?”

“గోడల మీద...”

“పెద్దదేం అక్కర్లేదు. కుండలో నాలుగు పూలున్నా చాలు.”

పోల్డి నోరు తెరిచాడు. ఏ మాటకీ తడుముకోని నోరది. గుర్రమెక్కిన రాజు అనొచ్చు, రెక్కల దేవదూత అనొచ్చు, ఎవరు చూడొచ్చారు? అయినా ఏదీ రాలేదు. ఆ తలుపు తన వెనక రోజంతా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. తెరుచుకున్నప్పుడల్లా కనబడేది కౌంటరు, చెప్పుల బుట్ట, దాని అవతల జానెడు మెరిసే నేల. అక్కడితో సరి.

“ఒకే ఒక్క దిమ్మె చెప్పావు,” అంది వెసెలి గారు మెల్లగా. “దాని మీద కూడా నువ్వే ఎక్కావు.”

పోల్డి విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకుని పౌడరు దులపసాగాడు. దులిపినకొద్దీ అతని ప్యాంటు తెల్లబడుతోంది.

“నా పనీ, ప్యాలెస్ తలుపులూ ఒకే వేళకి మొదలై ఒకే వేళకి ముగుస్తాయమ్మా,” అన్నాడు చివరికి. “సెలవు రోజున మళ్ళీ ఆ వాకిలి మొహం చూడబుద్ధి కాదు.” చెయ్యి చాచి కార్డు వెనక్కి తీసుకోబోయాడు.

“అయితే బాతే,” అన్నాడు పోస్పిషిల్, ఆశ చావక.

వెసెలి గారు కార్డు మీద తన గ్లాసు పెట్టింది. “ఆగండి. పోస్పిషిల్ గారూ, మీరెప్పుడు వెళ్ళారు లోపలికి?”

“నేనా? ఆ స్టాపులో నేను పట్టుకున్నంతమంది టికెట్ లేనివాళ్ళని ఎవరూ పట్టుకోలేదు! ఒకసారి ఒక పాదిరీని...”

“స్టాపు కాదు. లోపలికి.”

పోస్పిషిల్ దోసకాయల గిన్నెలోకి చూశాడు. అందులో సమాధానం దొరికినట్టు లేదు.

“నన్ను అడక్కు,” అంది బ్లాహా గారు. “బడివాళ్ళు తీసుకెళ్ళిన రోజున నాకు గవదబిళ్ళలు. తర్వాత వెళ్దాంలే, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. ఎక్కడికీ పోలేదు. నేనూ పోలేదు.”

“నేను ఇరవై ఎనిమిదేళ్ళు ఆ దారిలో ట్రామ్ నడిపాను,” అంది వెసెలి గారు. “‘లిలియెన్‌హోఫ్ ప్యాలెస్, చూడదలచినవారు ఇక్కడ దిగండి’ అని మైకులో నేనే చెప్పేదాన్ని. ఊరందరినీ దింపాను. నేను దిగలేదు.” గ్లాసెత్తి, తడి గుండ్రం పడిన కార్డు తీసి తన సంచీలో వేసుకుంది. “రేపు పదింటికి. నువ్వు ముందు నడువు.”

“నాకు ఏమీ తెలీదని ఇప్పుడే కదమ్మా...”

“చెప్పడం తెలుసు. అది మాలో ఎవరికీ రాదు. చూసింది చెప్పు, ఎంత పెంచి చెబుతావో చెప్పు, నవ్వుతాం. కానీ ముందు చూడు. చూడకుండా నోరు తెరిచావో, మాలో సగం మందిమి డ్రైవర్లం, బ్రేకు వేయడం బాగా వచ్చు. లిలియెన్‌హోఫ్ బాగా సాగితే ఈ శీతాకాలం మిగతా ఎనిమిదీ నీవే.”

“సాగకపోతే?” అన్నాడు పోస్పిషిల్.

“బాతు.”

“ఏమీ అనుకోకురా అబ్బాయ్,” అన్నాడు పోస్పిషిల్, “నేను ఎటువైపో ఇంకా తేల్చుకోలేదు.”

మర్నాడు పదింటికి లిలియెన్‌హోఫ్ వాకిట్లో పోల్డి నిలబడ్డాడు. రోజూ నిలబడే చోటే. పొద్దుటి పూటకే సెలవు దొరికింది, మధ్యాహ్నం మళ్ళీ పనిలోకి దిగాలి కాబట్టి పట్టుకోటు, విగ్గు ఒంటి మీదే ఉన్నాయి. క్యూ చర్చి చుట్టూ ఏం తిరగలేదు. నలుగురున్నారు, అంతే. కాపలావాడు సూపు ఊసెత్తలేదు. టికెట్లు చించి లోపలికి పొమ్మన్నాడు.

కౌంటరు ఆవిడ ఐదేళ్ళుగా తలుపు సందులోంచి అతని వీపు చూస్తూనే ఉంది. ఇవాళ మొహం కనబడేసరికి కళ్ళద్దాలు సర్దుకుంది.

“ఇటు తిరిగితే నువ్విలా ఉంటావా!” అంది. “గొడుగు?”

“లేదు.”

“అయితే ఆ విగ్గు పెట్టు. లోపల నేల మీద పౌడరు రాలుతుంది.”

పోల్డి విగ్గు తీసిచ్చాడు. ఆవిడ దాన్ని గొడుగుల మధ్య కొక్కేనికి తగిలించి, ఒక ఇత్తడి బిళ్ళ అతని చేతిలో పెట్టింది. అతననుకున్నదానికన్నా బరువుగా ఉంది. జుట్టు చెమటకి అంటుకుపోయి, తల చిన్నదైపోయినట్టు అనిపించింది.

బుట్టలోంచి ఉన్ని చెప్పులు తీసి అందరూ బూట్ల మీద తొడుక్కున్నారు. బ్లాహా గారికి రెండూ కుడికాలివే వచ్చాయి. పోస్పిషిల్ వంగలేక తిట్టుకుంటుంటే ఎవరో తొడిగారు. తర్వాత ఇరవై రెండు మందీ, ఎవరూ చెప్పకుండానే, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి, ట్రామ్ పెట్టెల్లా వరసగా నిలబడ్డారు. అందరికన్నా ముందు పోల్డి.

ఎదురుగా తెల్ల తలుపు. కాపలావాడు రెండు రెక్కలూ తెరిచాడు. నేల జానెడు కాదు, చూపు ఆనినంత మేరా ఉంది. దాని పైన గోడలున్నాయి. పోల్డి ఇంకా తలెత్తలేదు. గుండె మాత్రం మెడలో బిళ్ళల దండ కట్టుకున్నట్టు గలగల్లాడుతోంది.

“జారి మళ్ళీ పట్టాల మీద పడకురోయ్!” అని వెనకనుంచి పోస్పిషిల్ కేకేశాడు.

పోల్డి గొంతు సవరించుకుని వెనక్కి తిరిగాడు. అలవాటుకొద్దీ చెయ్యి గాల్లోకి లేచింది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“తెలీదు,” అంది వెసెలి గారు, అతని భుజం మీద చెయ్యి వేస్తూ. “నీకూ తెలీదు. పద.”

పోల్డి బిళ్ళని గుప్పిట్లో బిగించి, కుడికాలు ఎత్తాడు.